ఉరిశిక్షకు బదులు యావజ్జీవ శిక్ష సరిపోతుందా?

ప్రశ్న:

ఘోరమైన హత్య చేసినవాడికి ఉరి తప్ప మరే శిక్షా చాలదని చాలాకాలంగా నమ్ముతూ వచ్చాను. ఉరి భయం వల్ల హత్యలు తగ్గుతాయన్నది ఆ నమ్మకానికి ఒక ఆధారం. కానీ అమెరికా జాతీయ పరిశోధనా మండలి అంతకుముందు మూడు దశాబ్దాలకు పైగా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, మరణశిక్ష వల్ల హత్యలు తగ్గాయనో పెరిగాయనో వాటిని బట్టి చెప్పడం కుదరదని 2012లో తేల్చింది. అయినా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. కొన్నేళ్లకు బయటికి వచ్చే అవకాశం ఉన్న శిక్షను యావజ్జీవం అనడం బాధిత కుటుంబాన్ని మోసగించడం కాదా?

సమాధానం 1:

నేను క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదిని. నేరం ఎంత ఘోరమైనదన్న దానికంటే, చేసింది ఇతడేనని ఎంత గట్టిగా చెప్పగలమన్నదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. జపాన్‌లో ఇవావో హకమాదా అనే మాజీ బాక్సర్‌ను ఒకే కుటుంబంలోని నలుగురిని చంపాడన్న ఆరోపణపై 1966లో అరెస్టు చేశారు. 1968లో మరణశిక్ష విధించారు. హత్యలు జరిగిన 14 నెలలకు అతడు పనిచేసిన కర్మాగారంలో, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద నిల్వచేసే తొట్టెలో రక్తపు మరకలున్న బట్టలు దొరికాయి. అంతకాలం అందులో నానితే రక్తం నల్లబడాలి, ఆ మరకలు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఈ ఒక్క సంగతిని కోర్టు చేత ఒప్పించడానికి దశాబ్దాలు పట్టింది. ఆ బట్టలు కల్పించిన సాక్ష్యమని చెప్పి 2024లో కోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించేనాటికి ఆయన వయసు 88 ఏళ్లు. అక్కడ ఉరి సంగతి ఖైదీకి ఆ రోజు ఉదయమే చెబుతారు. అలాంటి ఉదయాలను ఏళ్ల తరబడి గడిపి ఆయన మతిస్థిమితం కోల్పోయారు. అక్క హిదెకో పట్టుదలతో పోరాడడం వల్ల, అప్పటికింకా ఉరి అమలు కాకపోవడం వల్ల మాత్రమే ఆయన ప్రాణాలతో బయటపడ్డారు.

సమాధానం 2:

మా అన్నయ్యను చంపినవాడికి యావజ్జీవ శిక్ష పడింది. అతడు పెరోల్ మీద బయటికి వచ్చాడన్న సంగతి మాకు అధికారులెవరూ చెప్పలేదు, పక్కింటివారు చెబితే తెలిసింది. అమ్మ రెండు రోజులు తలుపు గడియ తీయలేదు. ఖైదీ హక్కుల గురించి రాసేవారు ఆ రెండు రోజుల గురించి కూడా ఆలోచించాలని నా మనవి. మా కేసులో సందేహానికి తావు లేదు, నేరం తానే చేశానని అతడే ఒప్పుకున్నాడు.

సమాధానం 3:

అమ్మా, మీ బాధను తక్కువ చేసే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. విడుదల సంగతి మీకు ముందుగా తెలియజేయకపోవడం నిస్సందేహంగా తప్పు, అయితే దాన్ని సరిదిద్దడానికి ఉరి అక్కర్లేదు. ప్రశ్న అడిగినవారి సందేహానికి కూడా కొంత సమాధానం ఉంది. శిక్ష తగ్గింపుకు అవకాశం లేని యావజ్జీవాన్ని ఉరికి బదులుగా విధించవచ్చని భారత సుప్రీంకోర్టు 2008లో ఒక కేసులో చెప్పింది, 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. ఎన్నటికీ సమీక్షే ఉండని శిక్ష కూడా అమానుషమని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2013లో తీర్పు చెప్పింది. సమీక్ష ఉండాలి కానీ విడుదల ఖాయం కానక్కర్లేదన్న ఆ తీర్పే నాకు సబబుగా తోస్తోంది.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. హకమాదా కూడా రోజుల తరబడి సాగిన పోలీసు విచారణలో నేరం ఒప్పుకున్నారు, కోర్టులో కాదన్నారు. లండన్‌లో పసికూతురిని చంపాడని 1950లో ఉరితీసిన తిమోతీ ఇవాన్స్ కూడా పోలీసుల దగ్గర ఒప్పుకున్నవాడే. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన కింది వాటా మనిషే వరుస హంతకుడని 1953లో బయటపడింది. ఇవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది, చనిపోయిన పదహారేళ్లకు.

సమాధానం 2 రాసినవారి నుంచి:

ఆ ఒప్పుకోలు ఎవరి ముందు, ఎలా జరిగిందో మేము ఎన్నడూ అడగలేదు. తీర్పు ప్రతి ఇంట్లోనే ఉంది. చదివి మళ్లీ రాస్తాను.