టీబీ టెస్ట్ ఫ్రీ అయినా జనం రారు, తప్పెవరిది?

గాజువాక వాసి:
మా వీధి చివరే అర్బన్ హెల్త్ సెంటర్ ఉంది. కఫం పరీక్ష ఫ్రీ, మందులు ఫ్రీ. అయినా రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు కూడా మెడికల్ షాపులో సిరప్ కొనుక్కుని సరిపెట్టుకుంటున్నారు. ఇది నిర్లక్ష్యం కాదా? పనిలో పెట్టుకునే ముందే టీబీ, హెచ్‌ఐవీ టెస్టులు కంపల్సరీ చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా!

హార్బర్ కుర్రోడు:
పని పోతుందని భయమేస్తే ఇంకా దాస్తారు గురూ. అదీకాక, హెచ్‌ఐవీ టెస్ట్ చేయించుకుంటేనే ఉద్యోగమిస్తామంటే 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒప్పుకోదు.

సీతమ్మధార:
ఇవన్నీ సాకులు. సినిమాకి ఉండే టైము టెస్టుకి ఉండదా?

ల్యాబ్ అక్క:
సినిమాకి సెకండ్ షో ఉందండీ, మా ల్యాబ్‌కి లేదు. నేను బస్తీ క్లినిక్‌లో పనిచేస్తాను. చేపలమ్మే ఒకావిడ తెల్లారకముందే హార్బర్లో వేలానికి వెళ్తుంది, గంప ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అప్పటికి మేం శాంపిల్స్ తీసుకోవడం ఆపేస్తాం. ఓ రోజు బేరం మానుకుని వచ్చింది. డబ్బీ ఇస్తే ఉమ్మేసి తెచ్చింది. ఉమ్ము పనికిరాదు, గుండెల్లోంచి దగ్గి తీసిన కఫం కావాలి. లైను గేటు దాకా ఉంది, అది విడమరిచి చెప్పే తీరిక నాకే లేకపోయింది. మర్నాడు రమ్మన్నాను, రాలేదు. ట్రూనాట్ మిషన్‌లో పెడితే టీబీ ఉందో లేదో ఆ పూటే తేలిపోయేది. మూడు వారాల తర్వాత కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చింది, ఇద్దరికీ దగ్గే.

గాజువాక వాసి:
సరే, టైము సంగతి ఒప్పుకుంటా. కానీ డబ్బులు కూడా ఇస్తున్నారుగా? నెలకి 500 ఉన్నది 2024 నవంబర్ నుంచి 1000 చేశారు.

ల్యాబ్ అక్క:
అది టీబీ అని తేలాక, తిండి కోసం. టెస్టుకొచ్చిన రోజు పోయిన బేరానికి కాదు. తర్వాత వాళ్లింటికి వెళ్లాను: ఒకటే గది, కిటికీ లేదు, ఐదుగురు. గాలి ద్వారా అంటుకునే జబ్బుకి ఇంకేం కావాలి? ఓనరుకి తెలిస్తే ఖాళీ చేయమంటాడని మందుల కవరు బియ్యం డబ్బాలో దాచుకున్నారు. వారంలో ఒక్క రోజైనా రాత్రి ఎనిమిది దాకా ల్యాబ్ తెరిచి ఉంచాలన్నదే నా మాట.

సీతమ్మధార:
ఆ ఓవర్‌టైమ్ ఎవరిస్తారో అది చెప్పండి ముందు.