స్కెచ్‌అప్ ఎలివేషన్‌లో కిటికీ అద్దం గుండా లోపలి భాగం కనబడటం లేదు

ప్రశ్న: గోదారిగట్టు

అందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఇళ్ల ప్లాన్లు గీసే పని చేస్తున్నాను. ప్రస్తుతం తూర్పు ముఖంగా ఉన్న రెండంతస్తుల ఇంటికి స్కెచ్‌అప్ అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎలివేషన్ (ఇంటి ముందు వైపు బొమ్మ) తయారు చేస్తున్నాను. హాలులో నుంచి పైకి వెళ్లే మెట్లకు ఎదురుగా, వీధి వైపు గోడలో రెండంతస్తుల ఎత్తున ఒక పొడవాటి అద్దం పెట్టాము. ఆ అద్దంలో నుంచి మెట్లు, వాటి టేకు చేతిపట్టె ఎలివేషన్ బొమ్మలోనే కనబడాలని ఇంటి యజమాని గట్టిగా కోరుతున్నారు. అది న్యాయమైన కోరికే, ఎందుకంటే ఆ మెట్ల కోసమే ఆయన హాలు కొలతలు రెండుసార్లు మార్పించారు.

అద్దానికి లేత నీలం రంగు వేసి, ఒపాసిటీ (రంగు ఎంత దట్టంగా ఉండాలో చెప్పే శాతం) 30 పెట్టాను. కెమెరాను ప్యారలల్ ప్రొజెక్షన్‌లోకి (దూరంగా ఉన్నవి చిన్నవిగా కనబడని పద్ధతిలోకి) మార్చి ఫ్రంట్ వ్యూ తీసుకున్నాను. ఇక్కడ నాకు రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. గీతల బొమ్మ కోసం ఫేస్ స్టైల్‌ను (ఉపరితలాలు ఎలా కనబడాలో చెప్పే అమరికను) హిడెన్ లైన్‌కు మార్చగానే అన్ని అద్దాలూ తెల్ల కాగితం అంటించినట్లు మూసుకుపోతున్నాయి. రంగులు చూపే షేడెడ్‌లోకి వస్తే మెట్ల అద్దం మాత్రం చక్కగా పారదర్శకంగా ఉంది, కానీ మిగిలిన 7 కిటికీల్లో గది కనబడకుండా అద్దం వెనుక నీలం కలిసిన బూడిద రంగు ఒకటే పరుచుకుని ఉంది. మెట్ల అద్దం దగ్గర గోడను నేనే పుష్-పుల్‌తో (ఉపరితలాన్ని లాగే, నెట్టే పనిముట్టుతో) తొలిచి అద్దం పెట్టాను. మిగిలినవి నెట్ నుంచి దించుకున్న రెడీమేడ్ స్లైడింగ్ కిటికీలు. వాటి ఒపాసిటీని 5 వరకు తగ్గించి చూసినా ఆ బూడిద రంగు పోలేదు. అన్నింటికీ వేసిన రంగు ఒకటే అయినప్పుడు ఒకటి కనబడి మిగిలినవి కనబడకపోవడానికి కారణం ఏమిటో దయచేసి చెప్పగలరు.

సమాధానం: తెల్లకాగితం

నమస్కారం అండీ. మీవి రెండు వేర్వేరు సమస్యలు. నేను హిడెన్ లైన్ గురించి చెబుతాను.

హిడెన్ లైన్ స్టైల్‌లో స్కెచ్‌అప్ మీరు వేసిన రంగులను అసలు లెక్కలోకి తీసుకోదు. ప్రతి తలాన్నీ (మోడల్‌లోని ఒక్కో చదునైన ఉపరితలాన్నీ) బొమ్మ నేపథ్యపు రంగుతో నింపేసి, దాని వెనుక ఉన్న గీతలను దాచేస్తుంది. దాని పేరులో ఉన్నదే దాని పని. ఒపాసిటీ అనేది రంగుకు ఉండే గుణం కాబట్టి, రంగే లేని చోట దాన్ని 30 పెట్టినా 5 పెట్టినా తేడా రాదు. చాలామంది ఇక్కడ ఎక్స్-రే నొక్కి చూస్తారు గానీ, అది గోడలను కూడా అద్దాలుగా మార్చేస్తుంది కాబట్టి ఎలివేషన్‌కు పనికిరాదు.

గీతల బొమ్మలో అద్దం గుండా చూపాలంటే ఆ సీన్‌లో (దాచిపెట్టుకున్న దృశ్యంలో) అద్దాన్ని కనబడకుండా చేయడమే సరైన దారి. కిటికీ కాంపొనెంట్‌ను తెరిచి, అద్దపు తలాన్ని మాత్రమే ఎంచుకుని గ్రూప్ చేయండి. ఆ గ్రూప్‌కు ‘అద్దం’ అనే ట్యాగ్ (దాచడానికీ చూపడానికీ వాడే గుర్తు) ఇవ్వండి. విడి గీతలకూ తలాలకూ ట్యాగ్ ఇవ్వకుండా గ్రూప్‌కే ఇవ్వడం మంచి అలవాటు, లేకపోతే తరువాత దేన్ని దాచామో మనకే అంతుపట్టదు. ఒకే కాంపొనెంట్‌ను ఎన్నిచోట్ల పెట్టినా ఒకదాన్ని సవరిస్తే అన్నీ మారతాయి కనుక, ఒక్కో రకం కిటికీకి ఒక్కసారి చేస్తే చాలు. ఆపైన ఆ ట్యాగ్‌ను ఆపివేసి, సీన్‌ను అప్‌డేట్ చేసుకోండి. ఏ ట్యాగ్ కనబడాలో సీన్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మీ రంగుల సీన్‌లో అద్దాలు ఎప్పటిలాగే ఉంటాయి.

సమాధానం: తొమ్మిదంగుళాలగోడ

మీరు చెప్పిన ఆ నీలి బూడిద రంగే మొత్తం విషయం చెబుతోందండీ. అది అద్దం రంగు కాదు, స్కెచ్‌అప్‌లో ఏ రంగూ వేయని తలానికి వెనుక వైపు సహజంగా ఉండే రంగు. అంటే మీ అద్దం పారదర్శకంగానే ఉంది, దాని వెనుక ఇంకా గోడ ఉంది.

ఒక్కసారి కెమెరాను ఆ గదిలోకి తీసుకువెళ్లి కిటికీ వైపు తిరిగి చూడండి. లోపలి నుంచి గోడ ఏ తొర్రా లేకుండా నున్నగా కనబడుతుంది. మనం 9 అంగుళాల గోడ అని గీసేది స్కెచ్‌అప్‌కు బయట ఒక తలం, లోపల ఒక తలం, మధ్యలో ఖాళీ మాత్రమే. రెడీమేడ్ కిటికీలకు గోడను కత్తిరించే గుణం ఉంటుంది గానీ, అవి తాము అతుక్కున్న ఒక్క తలాన్నే కత్తిరిస్తాయి, గోడ మందాన్ని దాటి రెండో తలం దాకా పోవు. మీ బయటి తలానికి తొర్ర పడింది, లోపలి తలం చెక్కుచెదరలేదు. బయట నుంచి చూసినప్పుడు ఆ లోపలి తలం వెనుక వైపు అద్దం గుండా కనబడుతోంది. మెట్ల దగ్గర మీరు పుష్-పుల్‌తో ఆవలి తలం వరకూ నెట్టారు కాబట్టి అక్కడ రెండు తలాలూ తెగిపోయాయి.

సరిచేయడానికి, గోడ గ్రూప్‌లో ఉంటే ముందుగా దాన్ని డబుల్ క్లిక్‌తో తెరవండి. గ్రూప్ బయట ఉండి ఎంత గీసినా గోడ తెగదు. తరువాత కాసేపు ఎక్స్-రే పెట్టుకుని, కిటికీ తొర్ర మూలలకు సరిగ్గా ఎదురుగా లోపలి తలం మీద దీర్ఘచతురస్రం గీసి, ఆ ముక్కను తొలగించండి. అక్కడితో ఆపితే పక్క నుంచి చూసినప్పుడు గోడ డొల్లగా కనబడుతుంది, కనుక బయటి మూలను లోపలి మూలతో గీతలతో కలిపి, నాలుగు వైపులా 9 అంగుళాల మందం మూసుకునేలా తలాలు రప్పించండి. కిటికీకి ఐదు నిమిషాల పని. ఇకముందు మాత్రం ముందుగా గోడను పుష్-పుల్‌తో తొలిచి, ఆ తరువాతే కిటికీని అందులో కూర్చోబెట్టండి.

ఇంకొక మాట. రెడీమేడ్ స్లైడింగ్ కిటికీల్లో అద్దాన్ని చాలావరకు పలుచని పెట్టెలా, ముందొక తలం, వెనుకొక తలంగా గీస్తారు. ఒపాసిటీ 30 ఉన్న ఒక తలం గుండా వెనుకది 70 శాతం కనబడితే, రెండు తలాల గుండా 49 శాతమే కనబడుతుంది. రెండు రెక్కలు ఒకదాని వెనుక ఒకటి చేరిన చోట నాలుగు తలాలై 24 శాతానికి పడిపోతుంది. దోమల జాలి రెక్కను కూడా మోడల్‌లో పెట్టి ఉంటే ఇక చెప్పనవసరం లేదు. వెనుక తలాన్ని తీసివేసి అద్దాన్ని ఒకే తలంగా ఉంచండి. అద్దాల వెనుక అద్దాలు వచ్చే చోట ముందువెనుకలు తారుమారైనట్లు అనిపిస్తే, స్టైల్స్‌లోని ఫేస్ సెట్టింగ్స్‌లో పారదర్శకత నాణ్యతను ఫాస్టర్ నుంచి నైసర్‌కు మార్చండి.

గోదారిగట్టు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. గదిలోకి వెళ్లి చూస్తే మీరన్నట్లే 7 గదుల్లో ఒక్కదానికీ లోపలి వైపు కిటికీ లేదు. ఇన్ని రోజులూ బయటి నుంచే చూస్తూ ఉన్నందువల్ల గమనించలేదు. అన్నీ తొలిచి, పక్క తలాలు మూసి, అద్దాలను ఒకే తలంగా మార్చాను. ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి.

అయితే కొత్తగా రెండు చిక్కులు వచ్చాయి. గీతల బొమ్మలో అద్దాలు తీసేసరికి లోపలి మంచాలు, బీరువాలు, తలుపు చట్రాలు, వెనుక గోడ కిటికీలు అన్నీ వచ్చి పడి, ఏది ముందు గోడదో ఏది లోపలిదో తెలియకుండా పోయింది. రంగుల బొమ్మలో నీడలు వేస్తే, 2 అడుగుల సన్‌షేడ్ నీడ గోడ మీద, కిటికీ చట్రం మీద బాగానే పడుతోంది గానీ, అద్దం దగ్గరకు వచ్చేసరికి తెగిపోయి, అద్దం దాటగానే మళ్లీ మొదలవుతోంది. చిరిగిన గుడ్డలా ఉంది. ఒపాసిటీ 80 చేసినా అద్దం మీద నీడ పడలేదు.

సమాధానం: ఎండాకాలం

నీడ విషయంలో మీ మోడల్‌లో తప్పేమీ లేదు, స్కెచ్‌అప్ నియమమే అది. ఒపాసిటీ 70 కంటే తక్కువ ఉన్న తలం నీడను వేయదు, ఎండను లోపలికి వదిలేస్తుంది. 70, అంతకు పైన ఉంటే పూర్తి నీడ వేస్తుంది. కానీ తన మీద నీడ పడనివ్వాలంటే మాత్రం ఆ తలం పూర్తిగా 100 ఉండాలి. అందువల్ల 80 దగ్గర మీకు గదిలోకి ఎండ రావడం ఆగిందే తప్ప, అద్దం మీద నీడ రాలేదు.

నిజానికి శుభ్రమైన అద్దం మీద నీడ సరిగా ఆనదు, అది వెనుక ఉన్న నేల మీదో కర్టెన్ మీదో పడుతుంది. ఆ లెక్కన స్కెచ్‌అప్ చేస్తున్నది సబబే. కానీ ఎలివేషన్‌లో నీడ అందం కోసం వేసేది కాదు, లోతును చెప్పేందుకు వేసేది. పాత పద్ధతిలో ఎండ 45 డిగ్రీల వాలులో వస్తున్నట్లు అనుకుని గీసేవారు, అప్పుడు 2 అడుగులు ముందుకు వచ్చిన సన్‌షేడ్‌కు నీడ కూడా కిందికి సరిగ్గా 2 అడుగులే దిగుతుంది. ప్లాను చూడకుండానే ఏది ఎంత ముందుకు వచ్చిందో మేస్త్రీకి సైతం అర్థమవుతుంది. ఆ నీడ కిటికీ దగ్గర తెగిపోతే, ఎక్కడ లోతు చెప్పాలో అక్కడే బొమ్మ మూగబోతుంది.

అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, ఎలివేషన్‌లో ప్రతి అద్దాన్నీ పారదర్శకంగా చూపాలని పట్టుబట్టకండి. మిట్టమధ్యాహ్నం మీ వీధిలో నిలబడి ఎదుటి ఇంటి కిటికీ చూడండి. అద్దం నల్లగా కనబడుతుంది. మామూలు తెల్ల అద్దం తన మీద పడే వెలుతురులో 8 శాతం మాత్రమే వెనక్కి తిప్పి పంపుతుంది, మిగిలినదంతా దాదాపుగా లోపలికి పోతుంది. అయినా నల్లగా ఉండటానికి కారణం, ఎండలో ఉన్న గోడ మీద లక్ష లక్స్ (వెలుతురు కొలమానం) వెలుతురు పడుతుంటే గదిలో కొన్ని వందల లక్స్ మాత్రమే ఉండటం. మన కన్ను బయటి వెలుతురుకు సర్దుకుని ఉంటుంది కాబట్టి గది చీకటి గుహలా తోస్తుంది. పగటి ఎలివేషన్‌లో కిటికీలను ముదురు రంగుతో నింపే పాత అలవాటు ఈ చూపులో నుంచి వచ్చిందే. లోపల దీపాలు వెలుగుతున్న సాయంకాలపు బొమ్మ వేస్తే అప్పుడు అన్ని అద్దాలూ పారదర్శకంగా ఉండటం సమంజసం.

చేయడం కష్టం కాదు. కిటికీ కాంపొనెంట్‌లో ఒకే చోట రెండు అద్దాలు పెట్టండి. ఒకటి ఒపాసిటీ 30 ఉన్న గ్రూప్, రెండోది ఒపాసిటీ 100తో ముదురు బూడిద నీలం గ్రూప్. రెండింటికీ వేర్వేరు ట్యాగులు ఇచ్చి, ఏ సీన్‌లోనూ రెండూ కలిసి వెలగకుండా చూసుకోండి. పగటి ఎలివేషన్‌లో ముదురు అద్దం మీద సన్‌షేడ్ నీడ తెగకుండా పడుతుంది. మెట్ల అద్దాన్ని మాత్రం పారదర్శకంగానే వదిలేయండి. చుట్టూ అన్నీ ముదురుగా ఉన్నప్పుడు ఆ ఒక్క అద్దంలో మెట్లు కనబడితే యజమాని కోరిన దానికి బలం వస్తుంది, 8 అద్దాల్లోనూ అన్నీ కనబడితే మెట్లు వాటిలో కలిసిపోతాయి.

గీతల బొమ్మకూ ఇదే మందు. 7 కిటికీల అద్దాలను దాచకుండా ఉంచితే హిడెన్ లైన్ వాటిని మూసివేస్తుంది, లోపలి సామాను దానంతట అదే పోతుంది. మెట్ల అద్దం ఒక్కటే దాచండి. మెట్ల వెనుక వంటింటి తలుపు వంటివి అడ్డు వస్తే, చేతిపట్టెకు ఒక అడుగు వెనుకగా ఒక ఖాళీ తలాన్ని తెరలా నిలబెట్టి, దానికొక ట్యాగ్ ఇచ్చి, ఈ సీన్‌లో మాత్రమే వెలిగించండి. తెర వెనుక ఉన్నదేదీ కనబడదు.

మీరు తూర్పు ముఖం అన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. స్కెచ్‌అప్‌లో పచ్చ అక్షం ఉత్తరం వైపు పోతుంది. ఫ్రంట్ వ్యూలో మనకు కనబడే గోడను అది దక్షిణపు గోడ అనుకుంటుంది. పైగా మోడల్‌కు ఊరు చెప్పకపోతే ఎండను అమెరికాలోని బౌల్డర్ నగరం లెక్కతో వేస్తుంది. ఆ ఊరు 40 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మీది 17 డిగ్రీలు. జియో-లొకేషన్ (మోడల్‌కు ఊరు చెప్పే అమరిక) పెట్టుకుని, ఇంటిని తిప్పి తూర్పు గోడను ఎర్ర అక్షం పోయే వైపుకు, అంటే తూర్పుకు తెచ్చి, రైట్ వ్యూలో చూడండి. మీ ఇంటికి నిజంగా పడే ఉదయపు నీడ అప్పుడే వస్తుంది.

గోదారిగట్టు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఇంటిని తిప్పి, ఊరు పెట్టి, ఉదయం 9 గంటల నీడ తీసుకున్నాను. ఇంతకుముందు నేను చూపిన నీడ ఆ గోడ మీద ఎన్నడూ పడేది కాదని ఇప్పుడు తెలిసింది. రెండు అద్దాల పద్ధతి కూడా పెట్టాను. సన్‌షేడ్ నీడ గోడ మీద నుంచి అద్దం మీదుగా ఒకే గీతగా సాగుతోంది. మెట్ల వెనుక తెరకు లేత గోధుమ రంగు వేస్తే, చేతిపట్టె దాని మీద స్పష్టంగా నిలిచింది.

నిన్న సాయంత్రం యజమాని గారికి ప్రింటు చూపించాను. ఆయన మెట్లను వేలితో కింది నుంచి పైదాకా లెక్కపెట్టి, 18 ఉన్నాయని చూసుకుని, మధ్య మలుపు దగ్గర చేతిపట్టెను ఇంకో 3 అంగుళాలు ఎత్తమన్నారు. ఇప్పుడు అదే చేస్తున్నాను.