చెరువు కట్ట మీద హోటలు: చల్లారిన సంగటికి సర్వీస్ ఛార్జీ కూడా కట్టాలా?

పద్మావతిపురం కోడలు

తిరుపతి చుట్టుపక్కల చెరువు కట్టల మీద పాకలు వేసి నడిపే హోటళ్ళు ఈమధ్య బాగా పెరిగాయి. అలాంటి ఒకదానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. పేరు రాయను. రాస్తే గొడవంతా ఆ ఒక్క హోటలు మీదికి పోయి, నేను అడగాలనుకున్నది పక్కకు పోతుంది.

మదనపల్లె నుంచి అత్తమ్మ, మామయ్య వచ్చారు. నీళ్ళ పక్కనే బల్ల దొరికింది. గాలి బాగుంది, పిల్లాడు కొంగల్ని చూస్తూ కూర్చున్నాడు. అంతవరకు ఏ ఫిర్యాదూ లేదు. ఆర్డరు తీసుకున్న అబ్బాయిని ఎంతసేపు పడుతుందని అడిగితే "ఐదు నిమిషాలు మేడమ్" అన్నాడు. మామయ్యకు షుగర్. తిండికి ముందు వేసుకునే మాత్ర ఆ మాట నమ్మి వేసేసుకున్నారు. ఆ ఐదు నిమిషాలు గంటా ఇరవై అయింది. మధ్యలో ఎప్పుడు అడిగినా అదే ఐదు నిమిషాలు. ఆయనకు చెమటలు పడుతుంటే పిల్లాడి సంచిలో ఉన్న బిస్కెట్లు పెట్టాం. గంట పడుతుందని ముందే చెప్పుంటే మాత్ర ఆపేవారు, లేదా మేమే లేచి ఇంకెక్కడికైనా వెళ్ళేవాళ్ళం.

వచ్చిన సంగటి ముద్ద పైన పెచ్చు కట్టేసింది. నాటుకోడి పులుసు గోరువెచ్చగా కూడా లేదు. పాంఫ్రెట్ వేపుడు రెండు చెప్పాం. తెచ్చిన చేప నోట్లో మనిషి పళ్ళలాంటి పళ్ళున్నాయి!

బిల్లు ఇదీ. తిండి 2,660 రూపాయలు, నీళ్ళ సీసాలు మూడింటికి 180. వెరసి 2,840. దాని మీద సర్వీస్ ఛార్జీ పది శాతం, 284. అదీ కలిపిన 3,124 మీద ఐదు శాతం జీఎస్టీ. అంతా కలిసి 3,280. సర్వీస్ ఛార్జీ తీసేయమంటే మేనేజరు మెనూ చివరి పేజీలో చిన్నక్షరాలు చూపించి "ముందే రాసిపెట్టినాం కదా మేడమ్" అన్నాడు. పెద్దవాళ్ళ ముందు రచ్చ ఎందుకని మావారు కట్టేశారు.

కట్టకుండా ఉండాల్సిందా? మీరైతే ఏం చేస్తారు?

కొర్లగుంట కుర్రోడు

అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఆదివారం ఒంటిగంటకు చెరువు కట్ట మీదికి పోతే లేటు కాక ఏమవుతుంది? తిరుపతి సగం అక్కడే ఉంటుంది. టైముకు తిండి కావాలంటే ఊళ్ళో మెస్సుకు పోవాలి, ఆకు వేసిన రెండు నిమిషాల్లో అన్నం పడుతుంది. అక్కడికి మనం పోయేది గాలికి, ఫోటోలకు. తిన్నాక బిల్లు కట్టనంటే ఎట్లా? తినకముందు లేచి వచ్చుండాల.

గ్రీమ్స్‌పేట మనిషి

తమ్ముడూ, డెబ్బై ఏళ్ళ మనిషిని, పిల్లాడిని వెంటబెట్టుకుని కట్ట దిగి కారెక్కి ఇంకో హోటలు వెతుక్కునేసరికి మూడవుతుంది. లేచి రావడం నీకు సులభం.

నాకు అసలు కోపం ఎక్కడంటే, ఆ చెరువు వాళ్ళ తాతలు తవ్వించింది కాదు. నీళ్ళు ఊరివి, గాలి ఊరిది, కొంగలు ఎవరివీ కావు. కట్ట పక్కన నాలుగు తాటాకు పాకలు వేసి, ఊళ్ళో రెండొందలకు దొరికే పులుసు ఇక్కడ మూడొందల నలభై అంటారు. సరే, అది వ్యూకి అనుకుందాం. మే నెలలో పోయి చూడండి. మన జిల్లా చెరువుల్లో ఎన్నింటికి నీళ్ళుంటాయి? నవంబరు వానలకు నిండితే నిండినట్టు, లేకపోతే బీటలు వారిన మట్టి, అందులో మేకలు. అప్పుడేమైనా పులుసు రేటు తగ్గిస్తారా?

బిల్లు చదివేవాడు

తిన్నదానికి కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జీ సంగతి వేరు.

2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. హోటలువాళ్ళు సర్వీస్ ఛార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదు. పేరు మార్చి వసూలు చేయకూడదు. దాన్ని కూడా కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు, మీ బిల్లులో చేసింది సరిగ్గా అదే. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోయి ఆ నెలలోనే స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న కోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి, మార్గదర్శకాలు చెల్లుతాయని చెప్పింది. సంఘాలు మళ్ళీ అప్పీలుకు వెళ్ళాయి, అది వేరే విషయం.

కాబట్టి మెనూలో ఎంత చిన్నక్షరాల్లో రాసినా, ఎంత పెద్దక్షరాల్లో రాసినా, "నేను ఇవ్వను, తీసేసి బిల్లు మళ్ళీ కొట్టించండి" అనే హక్కు మీకుంది. ఇచ్చేస్తే మాత్రం తిరిగి రాబట్టడం పెద్ద పని. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, బిల్లు ఉంటే చాలు.

రేణిగుంట రోడ్డు

నీళ్ళ సీసా సంగతి ఎవరూ అడగరేం? ఇరవై రూపాయల సీసా అరవైకా! ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరమే. నేనైతే అక్కడే వీడియో తీసి పెట్టేవాణ్ణి.

బిల్లు చదివేవాడు

వీడియో తీసి మీరే ఇరుక్కుంటారు. కిరాణా కొట్టుకు మీరు చెప్పింది నిజం. కూర్చోబెట్టి వడ్డించే హోటలుకు కాదు. అక్కడ అమ్మేది సీసా ఒక్కటే కాదు, చోటు, సేవ కూడా, అందుకే ఎమ్మార్పీ మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. మనకు నచ్చినా నచ్చకపోయినా చట్టం అంతే.

అయితే ఇందులోనే ఒక మెలిక ఉంది. చోటుకూ గాలికీ సీసా దగ్గరే నలభై రూపాయలు అదనంగా తీసుకుంటే, మళ్ళీ సర్వీస్ ఛార్జీ దేనికి? 2025 ఆగస్టులో ఆ అప్పీలు విచారణలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం అడిగింది కూడా ఇదే. ఇరవై రూపాయల నీళ్ళకు వంద తీసుకునేది ఆ వాతావరణానికే కదా, మరి ఇదెందుకని.

చిన్న హోటలోడు

అందరూ ఒకవైపే కొడుతున్నారు, ఇంకోవైపు కూడా వినండి. నాది చెరువు కట్ట కాదు, బైపాస్ పక్కన చిన్న హోటలు. కానీ కట్ట మీద నడిపేవాళ్ళు నాకు తెలుసు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ ఈగలు కూడా వాలవు. నెలంతా అద్దె, కరెంటు, వంట మాస్టర్ల జీతాలు. తిరిగొచ్చేది శని, ఆదివారాల్లోనే. అందులో కూడా పెరటాసి నెల వస్తే తమిళనాడు నుంచి వచ్చేవాళ్ళు మాంసం ముట్టరు. అది అయిందనగానే మనకు కార్తీకం. సెప్టెంబరు మధ్య నుంచి ఇంచుమించు రెండు నెలలు చేపలు, కోళ్ళు సగానికి సగం పడిపోతాయి. ఆదివారం వాన పడిందంటే ఐసులో పెట్టిన సరుకంతా పారబోయాలి.

ఇవన్నీ మీ ఇంట్లో కష్టాలు, మాకెందుకు అంటారు. నిజమే. కానీ ఒక్క పూట లేటయిందని ఫోన్లో ఒక్క స్టారు కొట్టి పోతారు చూడండి, అది ఏడాది పాటు మా మొహం మీద ఉంటుంది. అక్కడే పిలిచి "అన్నా, పులుసు చల్లగా ఉంది" అంటే వేడి చేసి ఇవ్వనివాడు ఎవరు?

పద్మావతిపురం కోడలు

అన్నా, పిలిచాం. వేడి చేసి తెస్తానని గిన్నె తీసుకెళ్ళిన అబ్బాయి మేం సంగటి తినేసేదాకా తిరిగి రాలేదు.

పాత కెప్టెన్

ఇలాంటి చోట కెప్టెన్‌గా, అంటే వడ్డించే కుర్రాళ్ళ మీద పెద్దగా, చేసి మానేసినవాణ్ణి. లోపల ఏం జరుగుతుందో చెబుతాను, తర్వాత తిట్టాలనిపిస్తే ఎవరిని తిట్టాలో మీరే తేల్చుకోండి.

మొదట ఐదారు బల్లలతో తెరుస్తారు. జనం వస్తారు. కట్ట పొడవునా పాకలు పెంచుకుంటూ పోతారు, బల్లలు నలభై అవుతాయి. వంటిల్లు మాత్రం మొదట కట్టిందే. పొయ్యిలు అవే, చేపలు వేయించే పెనం ఒక్కటే. ఆ పెనం మీద ఒకసారికి నాలుగైదు చేపలు పడతాయి, ఒక్కో వాయికి పది పన్నెండు నిమిషాలు. మీ ముందు పదిహేను ఆర్డర్లున్నాయంటే లెక్క వేసుకోండి. ఇక ఆ వంటిల్లు రోడ్డు వైపుంటుంది, ఎందుకంటే సిలిండర్లూ నీళ్ళ ట్యాంకరూ అక్కడిదాకానే వస్తాయి. అందరూ అడిగే బల్లలు నీళ్ళ వైపు, ఆ చివర. కుర్రాడు పళ్ళెం ఎత్తుకుని గాలికి ఎదురు నడిచి వచ్చేసరికి సంగటి మీద పెచ్చు కట్టకుండా ఎట్లా ఉంటుంది? మూతలు కొనమని ఎన్నిసార్లు అడిగినా "కొందాంలే" అనేవారు.

నాటుకోడి ముదురు మాంసం, ఉడకడానికి టైము పడుతుంది. కాబట్టి పొద్దున్నే చేసి పెడతారు. రెండు గంటలకల్లా ఆ దబరా అయిపోతుంది. అయిపోయిందని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, ఫారం కోడి ముక్కలు ఆ పులుసులోనే వేసి ఇచ్చేస్తారు. ఎముక చూడండి. నాటుకోడి ఎముక గట్టిగా ఉండి పంటికి లొంగదు, ఫారంది మెత్తగా చిట్లుతుంది.

చేప విషయంలో అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు రూప్‌చంద్. చెరువుల్లో పెంచే చేప, ఆకారం పాంఫ్రెట్‌ను పోలి ఉంటుంది, రేటు దానికీ దీనికీ పొంతన లేదు. పాంఫ్రెట్ సముద్రం చేప, నోరు చిన్నది, అట్లాంటి పళ్ళు ఉండవు. తల కోసేసి తెచ్చారంటే ఇంకా అనుమానించండి. రూప్‌చంద్ తినకూడనిదేం కాదు, మసాలా పట్టించి వేయిస్తే బాగానే ఉంటుంది. ఆ పేరు పెట్టి ఆ రేటుకే అమ్మొచ్చు కదా.

ఇక "ఐదు నిమిషాలు". అది కుర్రాళ్ళ మాట కాదు. గంట అని చెబితే జనం లేచి పోతారని యజమాని చెప్పమన్న మాట. ఆదివారం కూలికి వచ్చే డిగ్రీ పిల్లలు వాళ్ళు. తిట్లన్నీ వాళ్ళకు, సర్వీస్ ఛార్జీ గల్లాపెట్టెకు. నేను చేసిన చోట దాన్లో ఒక్క రూపాయి వాళ్ళ చేతికి రాలేదు.

కొర్లగుంట కుర్రోడు

సర్వీస్ ఛార్జీ కుర్రాళ్ళకు పోతుందనుకుని నేను ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఇచ్చేసినాను. ఛ.

అయినా లేటు గురించి నా మాట మార్చుకోను. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వేల మందికి ఒకేసారి వేడివేడిగా వడ్డిస్తారు, వీళ్ళకేం రోగం అని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెబుతున్నా. అక్కడ అందరికీ ఒకటే వంట. ఇక్కడ ఒకడికి కారం తక్కువ, ఒకడికి నూనె తక్కువ.

గ్రీమ్స్‌పేట మనిషి

ఎవరూ అనలేదు సామీ, నువ్వే అన్నావు.

లేటు కావడం తప్పని ఇక్కడ ఎవరన్నారు? అబద్ధం చెప్పి కూర్చోబెట్టడం గురించి కదా ఆమె అడిగింది. ఇంకో మాట. మన తిరుపతి హోటళ్ళలో చాలావాటికి గిరాకీ మళ్ళీ రావాలన్న ఆశ లేదు. ఇవాళ చెన్నై వాళ్ళు, రేపు బెంగళూరు వాళ్ళు, దర్శనం అయ్యాక ఆకలితో దిగుతారు, తిని పోతారు, మళ్ళీ వచ్చే ఏడాదే. బస్టాండు దగ్గర అలవాటైన ఆ పద్ధతినే చెరువు కట్టకు తెచ్చారు. కట్ట మీదికి వచ్చేది ఎక్కువగా మనమే, మనం పోతే తిరిగి రామని వాళ్ళకు ఇంకా తట్టలేదు.

చిన్న హోటలోడు

బస్టాండు హోటళ్ళన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. తెల్లవారుజామున నాలుగింటికి వేడి ఇడ్లీ పెట్టేది వాళ్ళే.

కెప్టెన్ అన్న చెప్పిన చేప సంగతికి నా దగ్గర జవాబు లేదు. అది మోసమే. లేటు విషయంలో మాత్రం ఒక పని చేయొచ్చు. నేను రద్దీ రోజు గల్లా పక్కన పలక మీద "ఇప్పుడు చెబితే నలభై నిమిషాలు" అని సుద్దతో రాసి పెడతాను. కొంతమంది చదివి పోతారు. కూర్చున్నవాళ్ళు మాత్రం గొడవ చేయరు. ఈ రోజు దాకా దానికి నాకు అయిన ఖర్చు సుద్దముక్కలే.

రేణిగుంట రోడ్డు

నీళ్ళ సీసా మీద సుప్రీంకోర్టు తీర్పుందని తెలిసి ఇంకా కడుపు మండుతోంది. ఇకనుంచి ఇంటి నుంచే క్యాను తీసుకెళ్తాను.

బిల్లు చదివేవాడు

పద్మావతిపురం అక్కా, బిల్లు మీద ఆహార భద్రత లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలది ఉందేమో చూడండి. 2022 జనవరి నుంచి అది బిల్లు మీద వేయడం తప్పనిసరి. ఆ నంబరు ఉంటే చేప గురించి ఆహార భద్రత అధికారికి రాయవచ్చు. అయితే చేప తినేశారు, ఫోటో కూడా లేకపోతే అది నిలవదు. సర్వీస్ ఛార్జీకి ఆ చిక్కు లేదు, బిల్లే సాక్ష్యం.

పద్మావతిపురం కోడలు

నంబరు ఉంది. చేప ఫోటో మా పిల్లాడు తీశాడు గానీ అందులో చేప కంటే వాడి వేలే ఎక్కువ కనిపిస్తోంది, అది వదిలేశాను. ఇందాక 1915కి చేసి సర్వీస్ ఛార్జీ, దాని మీద వేసిన జీఎస్టీ, ఈ రెండే రాయించాను. బిల్లు ఫోటో కూడా పంపాను. మావారికి చెబితే మూడొందలకు ఇంత రాద్ధాంతమా అన్నారు. మామయ్య మాత్రం మదనపల్లె నుంచి ఫోన్ చేసి, ఫిర్యాదులో ఆ ఐదు నిమిషాల సంగతి కూడా రాయించావా అమ్మా అని అడిగారు.