ఆటిజం ఉన్నవారికి ఐటీ ఉద్యోగం: ఇంటర్వ్యూలో ముందే చెప్పాలా, చేరాక చెప్పాలా?

బెజవాడ_అమ్మ:
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 24 ఏళ్లు, బీసీఏ పూర్తిచేశాడు. ఆటిజం ఉన్నదని అయిదో ఏటనే తెలిసింది. ఇతరులు రాసిన కోడ్‌లో తప్పు ఎక్కడ దాగి ఉందో చాలా త్వరగా పట్టుకుంటాడు. నాలుగు కంపెనీల రాతపరీక్షలు గట్టెక్కి, నాలుగింటిలోనూ హెచ్‌ఆర్ రౌండులో ఆగిపోయాడు. ‘అయిదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారు’ అని అడిగితే, ‘ఆ రోజు ఆదివారమో కాదో చూసి చెప్పాలి’ అన్నాడట. ఆటిజం సంగతి దరఖాస్తులోనే రాయమంటారా? వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం ఇంతవరకు తీసుకోలేదు. తీసుకుంటే జీవితాంతం ముద్ర పడిపోతుందని మావారి భయం.

టెస్టర్_గచ్చిబౌలి:
అమ్మా, నాకు ఆటిజం ఉన్నదని 26వ ఏట తెలిసింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఇది నాకు ఏడో సంవత్సరం. ఎవరికీ చెప్పకుండా చేరిన మొదటి కంపెనీలో పద్నాలుగు నెలలకు మించి నిలవలేకపోయాను, అదీ పని రాక కాదు. అక్కడ ఎవరికీ సొంత సీటు ఉండేది కాదు కనుక, ఏసీ గాలి నేరుగా తగలని, క్యాంటీన్ వాసన రాని కుర్చీ కోసం ఉదయం ఏడున్నరకే వెళ్లి కూర్చునేవాణ్ణి. మేనేజరు ‘ఇది కాస్త చూడు’ అంటే చూసేవాణ్ణి. చూసి, సరిచేసి, సాయంత్రానికల్లా పంపమని ఆయన ఉద్దేశమని ఏడాది చివర అప్రైజల్‌లో ‘చొరవ లేదు’ అని రాసినప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

రెండో చోట ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక, చేరడానికి ముందు మెయిల్ రాశాను. ఒకే సీటు, ప్రతి పనినీ గడువుతో సహా టికెట్‌లో (కంప్యూటర్‌లో పనిని నమోదు చేసే చీటీలో) రాసి ఇవ్వడం, మీటింగులో ఏమి మాట్లాడతారో ముందుగా పంపడం అనే మూడు అవసరాలను మొదట చెప్పి, ఆ తరువాతే కారణం చెప్పాను. అయితే ఇంటర్వ్యూ దగ్గరే ఆగిపోతున్న మీ అబ్బాయికి ఈ పద్ధతి సరిపడదు. అతడు ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

టీమ్‌లీడ్_మాదాపూర్:
నేను బల్లకు అవతలి వైపు కూర్చునేవాణ్ణి. మా బృందంలోకి ఆటిజం ఉన్న యువకుణ్ణి తీసుకున్నప్పుడు ప్రశ్నలను ముందురోజే పంపాము, ముగ్గురికి బదులు ఒక్కరమే కూర్చున్నాము, తప్పులున్న చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఇచ్చి గంటన్నర సేపు అతని మానాన అతణ్ణి వదిలేశాము. ఇది మేము కనిపెట్టిన పద్ధతేమీ కాదు. డెన్మార్క్‌లో తోర్కిల్ సోన్నె, తన కుమారుడికి ఆటిజం ఉన్నదని తెలిశాక, 2004లో స్పెషలిస్టెర్నె అనే సంస్థను స్థాపించి, అభ్యర్థులను ప్రశ్నలతో వేధించకుండా వారిచేత లెగో రోబోలు కట్టించి సామర్థ్యాన్ని అంచనా వేసేవారు. ఆ సంస్థ తోడ్పాటుతోనే జర్మనీ సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ (SAP) 2013లో ప్రపంచవ్యాప్తంగా ఆటిజం నియామకాలను ప్రకటించింది, దానికి ముందు జరిపిన ప్రయోగాల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. ‘ఇవన్నీ ఇక్కడ కుదరవండీ’ అనే హెచ్‌ఆర్ వారికి నేను ఈ మాటే చెబుతాను.

అసలు ఇబ్బందులు అతడు చేరిన తరువాత వచ్చాయి. అతని పుట్టినరోజున లైట్లు ఆర్పి, ఒక్కసారిగా అందరమూ చప్పట్లు కొట్టి కేకు ముందు నిలబెట్టాము. అతడు బ్యాగు కూడా తీసుకోకుండా ఇంటికి వెళ్లిపోయి, రెండు రోజులు రాలేదు. అది పూర్తిగా నా తప్పు. ఇక ‘అతనికొక్కడికే కిటికీ పక్క స్థిరమైన సీటు ఎందుకు’ అని మిగిలినవారు అడిగితే, అతని అనుమతి లేకుండా కారణం చెప్పకూడదు, చెప్పకపోతే పక్షపాతమంటారు. చివరకు ఎవరికి ఏమి చెప్పవచ్చునో అతణ్ణే అడిగాను. ‘శబ్దం పడదని చెప్పండి, చాలు’ అన్నాడు. నిజంగానే అది చాలింది.

అక్క_సికింద్రాబాద్:
మా తమ్ముడి కోసం ఈ కాగితాల దారి అంతా నడిచాను కనుక చెబుతున్నాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉన్నది. ప్రభుత్వ కొలువుల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతాన్ని ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారందరూ పంచుకోవాలి. దీనికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నదన్న ధ్రువపత్రం అవసరం. ప్రైవేటు కంపెనీకి రిజర్వేషన్ లేదు గాని, సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించే బాధ్యత ప్రతి సంస్థకూ ఉన్నది. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న చోట ఏయే సౌకర్యాలు కల్పిస్తారో, ఎవరిని సంప్రదించాలో అందులో ఉండాలి. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు మొదట ఆ కాగితం అడగండి. అది ఉన్నదో లేదో, అడిగితే ఎంత తడబడ్డారో చూస్తే ఆ కంపెనీ సంగతి సగం తెలిసిపోతుంది.

ఆ ధ్రువపత్రం కోసం చేసే పరీక్షకు భయపడవలసిన పని లేదు. ఆటిజాన్ని అంచనా వేసే ఐఎస్ఏఏ అనే భారతీయ కొలమానంలో 40 అంశాలు ఉంటాయి, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు, మొత్తం 70, అంతకు మించి వస్తే ఆటిజంగా లెక్కిస్తారు. మీ భర్తగారి భయం నాకు అర్థమవుతుంది, మా నాన్నగారూ అదే అన్నారు. కాని ఆ పత్రాన్ని ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో నిర్ణయించుకునేది మీ అబ్బాయే.

తమ్ముడు_కోడర్_కాదు:
ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆటిజం అంటే కంప్యూటర్ మేధ అన్నట్టు ఈమధ్య అందరూ రాస్తున్నారు. మా అన్నయ్య రెండేళ్లు చిత్రాల్లో వాహనాల చుట్టూ గీతలు గీసే డేటా అనోటేషన్ పని చేశాడు. ఆ పని యంత్రమే చేసేసే రోజు వచ్చి ప్రాజెక్టు మూతపడింది. వారం ముందు మాత్రమే చెప్పారు. ఉద్యోగం పోవడం కన్నా ఉదయం తొమ్మిదిన్నర బస్సు పోవడం అతణ్ణి ఎక్కువ కుంగదీసింది. ఇప్పుడు మందుల గోదాములో నిల్వల లెక్క చూస్తున్నాడు, బాగున్నాడు.

డాలస్_నాన్న:
అమెరికాలో అంతా సులువని అనుకోకండి. బడిలో పదహారేళ్లు వచ్చేసరికి ఉద్యోగ జీవితానికి మారే ప్రణాళిక రాయాలని ఇక్కడి చట్టం చెబుతుంది, కాని బడి ముగిసిన మరునాడు ఆ సేవలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆఫర్ ఇవ్వకముందు వైకల్యం గురించి కంపెనీ అడగకూడదన్న 1990 నాటి చట్టం మాత్రం నిజంగా అండగా ఉన్నది. రాష్ట్ర పునరావాస విభాగం పంపిన జాబ్ కోచ్ మొదటి ఆరు వారాలు మా అమ్మాయి పక్కనే కూర్చుని, మేనేజరు చెప్పినదాన్ని రాతలో పెట్టడం నేర్పింది. మేనేజరు మారగానే ఆ ఏర్పాట్లన్నీ గాలికి పోయాయి. అందుకే చెబుతున్నాను, నోటిమాటగా ఒప్పుకున్న ప్రతి వెసులుబాటునూ హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో పంపి జవాబు తెప్పించుకోండి.

బెజవాడ_అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. సదరం స్లాటుకు మావారే మీసేవకు వెళ్లారు. అయిదో కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ప్రశ్నలు ముందుగా పంపమని అడుగుతూ మెయిల్ నేను రాయనా అంటే, మా అబ్బాయి తానే రాస్తానన్నాడు. రెండు గంటలు కూర్చుని నాలుగు వాక్యాలు రాశాడు. నాలుగోది, ఏ అంతస్తులో ఏ గదిలో జరుగుతుందో కూడా చెప్పమని. ఇంకా జవాబు రాలేదు. ఇంటర్వ్యూ బుధవారం.