1980 మే 2 నాటి బర్మింగ్‌హామ్ కచేరీకి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా?

జాయ్ డివిజన్ బృందం బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని హై హాల్‌లో ఇచ్చిన ఆఖరి కచేరీకి, అప్పట్లో అక్కడ ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనమామగారు స్నేహితుల వెంట వెళ్లారట. గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆ తర్వాత పదహారు రోజులకే, అమెరికా పర్యటనకు బయలుదేరవలసిన ముందురోజున, ప్రాణం తీసుకున్నాడు. ఆ రాత్రి రికార్డింగు 1981లో వచ్చిన 'స్టిల్' ఆల్బమ్‌లో ఉంది. 'సెరిమొనీ' పాటను ఆ బృందం వేదికపై పాడింది అక్కడే, ఆ ఒక్కసారే.

నా సందేహం మామయ్య జ్ఞాపకం గురించి. నడుమ ఒక పాటలో కర్టిస్ వేదిక దిగిపోయాడనీ, వాద్యాలు మాత్రం ఆగలేదనీ, చివరి పాట 'డిజిటల్'కు మళ్లీ వచ్చాడనీ ఆయన అంటారు. హాలు బయట మాత్రం అందరూ లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయ ముట్టడి గురించే మాట్లాడుకున్నారట (అది ఏప్రిల్ 30న మొదలై మే 5న ముగిసింది కనుక, ఈ మాటను నేను నమ్ముతున్నాను).

ఆనాడు అక్కడ ఉన్నవారు, లేదా వారిని ఎరిగినవారు, కర్టిస్ దిగిపోయింది ఏ పాటలోనో దయచేసి చెప్పగలరా? ఆనాటి విద్యార్థి పత్రికలో కచేరీపై సమీక్ష ఏదైనా వచ్చి ఉంటే, దాని ప్రతిని సంపాదించే మార్గం కూడా తెలియజేయగలరు.