హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రాసే భాష) వచ్చు, పేజీ మాత్రం బాగా రావట్లేదు. డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఉండేది బెంగళూరు, మారతహళ్లి. ఇక్కడి ఆంధ్రా మెస్ ఒకదానికి తెలుగులో, ఇంగ్లీషులో మెనూ పేజీ చేస్తున్నాను. లాప్‌టాప్‌లో పర్వాలేదు. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, తెలుగు వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. కోర్సులో చేరాలా?

జవాబు 1:
కోర్సు ఇప్పుడే వద్దు తమ్ముడూ, ఈ పేజీనే సరిచేస్తూ నేర్చుకో. చీమల్లా కనిపిస్తున్నాయంటే పేజీ వెడల్పు ఎంతో ఫోన్‌కి చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టి ఉండవు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీ వెడల్పు సుమారు 980 పిక్సెళ్లనుకుని గీసి, మొత్తాన్ని కుదించేస్తుంది. ఆ ట్యాగ్‌లో విడ్త్‌కి డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్‌కి 1 ఇవ్వు. తర్వాత క్రోమ్‌లో ఎఫ్12, కంట్రోల్+షిఫ్ట్+ఎం నొక్కి 360 పిక్సెళ్ల వెడల్పులో చూడు. ముందు ఫోన్‌కి రాసి, మీడియా క్వెరీలతో (తెర వెడల్పును బట్టి మారే స్టైల్ నియమాలతో) లాప్‌టాప్‌కి పెంచుకుంటూ పో.

జవాబు 2:
వరుసల గొడవ లైన్-హైట్‌ది, అంటే ఒక్కో వరుసకిచ్చే ఎత్తుది. పై వరుసలో 'పెసరట్టు', కింద 'ఇడ్లీ' ఉన్నాయనుకోండి. ట-వత్తు కిందికి దిగుతుంది, గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. అక్షరాల సైజుకి ఇన్ని రెట్లని లెక్క: ఇంగ్లీషుకి 1.5 చాలు, తెలుగుకి 1.7 లేదా 1.8 పెట్టండి. అంకె పక్కన పిక్సెల్ అని రాయకండి. బాడీకి (పేజీ మొత్తానికి) 24 పిక్సెళ్లని రాస్తే 32 పిక్సెళ్ల హెడింగ్‌కి కూడా ఆ 24 వారసత్వంగా వచ్చి వరుసలు కలిసిపోతాయి. బటన్‌కి హైట్ బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికొచ్చింది దాచేయమని) పెడితే వత్తులు తెగుతాయి, ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వండి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) తెలుగు జోలికి తీసుకురాకండి. ఫాంట్‌కి నోటో సాన్స్ తెలుగు, 400 (మామూలు), 700 (బోల్డ్) మందాలు చాలు.

ప్రశ్న అడిగినవారు:
రెండూ సరిపోయాయి, థాంక్యూ అన్నా. మెస్ వాళ్లు ఎరుపు మీద పసుపు అక్షరాలే కావాలంటున్నారు.

జవాబు 2:
పచ్చి ఎరుపు మీద పచ్చి పసుపు కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) 3.7:1 వస్తుంది. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలనే డబ్ల్యూసీఏజీ నియమాల్లో డబుల్-ఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకు 4.5 ఉండాలి, 24 పిక్సెళ్లు, ఆ పైన ఉన్నవాటికి 3 చాలు. అంటే మెస్ పేరుకి సరే, ధరలకు కుదరదు. ఎరుపును ముదురు మెరూన్ చేస్తే 10 దాటుతుంది, వాళ్ల కోరికా తీరుతుంది.

జవాబు 1:
ఖాళీలకు 8, 16, 24, 32 పిక్సెళ్లే వాడు. వంటకం పేరుకీ దాని వివరానికీ మధ్య 8, టిఫిన్లకీ భోజనాలకీ మధ్య 32. దేనికేది చెందుతుందో గీతలు లేకుండానే తెలుస్తుంది. ఫోటోలను 800 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీలో (ఫైల్ సైజు తగ్గించే ఫోటో ఫార్మాట్) సేవ్ చెయ్. ఇమేజ్ ట్యాగ్‌లో విడ్త్, హైట్ తప్పక రాయి, లేకపోతే ఫోటో లోడయ్యాక కింద ఉన్న ధరలు ఒక్కసారిగా జారిపోతాయి.