ఎనిమిది మైకులు, రెండు స్పీకర్లు: ధ్వని వచ్చే దిశను కనిపెట్టే మ్యూజిక్ (MUSIC) పద్ధతిలో ఒకే దిశ వస్తోంది. మీకెవరికైనా ఇలా జరిగిందా?

మద్దిలపాలెం విద్యార్థిని:
ఎంటెక్ ప్రాజెక్టు కోసం మా మేడ మీద ఎనిమిది మైకులను 8 సెంటీమీటర్ల ఎడంతో అల్యూమినియం పట్టీకి బిగించాను. వాడుతున్నది 2 కిలోహెర్ట్జ్ ధ్వని. ఒక్కో మైకు ఆలస్యాన్ని సరిచేసి కలిపే పాత పద్ధతిలో ఈ పొడవుకు పుంజం వెడల్పు, అంటే ఒకే దిశగా కలిసిపోయే మేర, సుమారు 14 డిగ్రీలు. నా స్పీకర్ల మధ్య ఉన్నది 8 డిగ్రీలే కాబట్టి మ్యూజిక్ పద్ధతికి వెళ్లాను. కంప్యూటర్‌లో అనుకరించిన లెక్కలో, దిశల గ్రాఫు మీద రెండు శిఖరాలు సూదుల్లా నిలిచాయి. మేడ మీద మాత్రం రెండు స్పీకర్లకు నడుమ ఒక్కటే మొద్దు శిఖరం. మూడు రాత్రులుగా ఇదే వరస.

గాజువాక రేడియో:
స్పీకర్లకు ధ్వని ఎక్కడి నుంచి ఇచ్చారు?

మద్దిలపాలెం విద్యార్థిని:
ఒకే ఫోను నుంచి, వైరును రెండుగా చీల్చి.

గాజువాక రేడియో:
చిక్కు అక్కడే ఉంది. ష్మిట్ పద్ధతి, అదే 1986లో అచ్చయిన మ్యూజిక్, కోవేరియన్స్ మాత్రిక (ఏ రెండు మైకుల సంకేతాలు ఎంత కలిసి మారుతున్నాయో చెప్పే పట్టిక) నుంచి ఐగన్ విలువలు, అంటే అందులోని విడి భాగాల బలాలు, తీసి వాటిని చూసి సంకేతాన్నీ రొదనూ విడదీస్తుంది. రెండు ధ్వనులకు పరస్పరం సంబంధం లేకపోతే పెద్ద విలువలు రెండు వస్తాయి. మీవి ఒకే వైరు నుంచి పుట్టిన కవలలు. మాత్రికకు అవి ఒక్కటిగానే కనిపిస్తాయి. పెద్ద విలువ ఒక్కటే మిగులుతుంది, దాని సదిశ ఏ దిశకూ సరిగ్గా అతకదు. ఎనిమిది విలువలనూ ఒకసారి తెర మీద వేసి చూడండి.

రెండు ఫోన్ల నుంచి వేర్వేరు రొద ఇచ్చి, 2 కిలోహెర్ట్జ్ చుట్టూ సన్నని పౌనఃపున్యాల పట్టీని మాత్రం తీసుకోండి. కవల ధ్వనులతోనే పని చేయాలంటే 1985 నాటి షాన్, వాక్స్, కైలాత్‌ల ఉపాయం ఉంది. అయిదేసి మైకుల గుంపులు నాలుగు చేసి, వాటి మాత్రికల సగటు తీయాలి. అప్పుడు వరుస పొడవు అయిదు మైకులకు కుదించుకుపోతుంది. ఆ నష్టం భరించాల్సిందే.

మద్దిలపాలెం విద్యార్థిని:
నిజమే! పెద్ద విలువ ఒక్కటే ఉంది. రెండో ఫోను పెట్టగానే రెండయ్యాయి, శిఖరాలూ విడిపోయాయి. కానీ రెండూ 3 డిగ్రీలు ఎడమకు జరిగి ఉన్నాయి.

పెదవాల్తేరు:
నాలుగు మైకులు ఒక సౌండ్ కార్డుకు, నాలుగు మరో కార్డుకు ఇచ్చారా? సెకనుకు 48,000 నమూనాలు తీస్తే ఒక్క నమూనా తేడా దాదాపు 21 మైక్రోసెకన్లు. 2 కిలోహెర్ట్జ్ దగ్గర అది 15 డిగ్రీల ఫేజ్ (తరంగ దశ) తేడా. రెండు కార్డుల గడియారాలు వాటంతట అవి కలిసి నడవవు. ఈ సంగతి తెలియక నేను సంక్రాంతి సెలవులన్నీ పోగొట్టుకున్నాను.

స్పీకరు దూరం కూడా కొలవండి. మీ వరుస పొడవు 56 సెంటీమీటర్లు, తరంగదైర్ఘ్యం సుమారు 17.4. పొడవు వర్గానికి రెట్టింపును తరంగదైర్ఘ్యంతో భాగిస్తే 3.6 మీటర్లు. అంతకంటే దగ్గరగా పెడితే తరంగం వంపుగానే మైకులను చేరుతుంది, మీ సూత్రమేమో అది చదునుగా ఉందనుకుంటుంది.

సాగర శ్రోత:
అమ్మా, నేను ముప్పై ఏళ్లు నీటి అడుగు శబ్దాలతో పనిచేసినవాణ్ణి. మాకు ఇవన్నీ ఉండేవి, పైగా సముద్రం ఉండేది. వెచ్చని తీరపు నీటిలో హైడ్రోఫోను (నీటిలో వినే మైకు) దించి వినండి, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా మోగుతుంది. అది గోటితో చిటికె వేసినట్టు శబ్దం చేసే చిటికె రొయ్యల పని. ఒక్కో చిటికె ఎంత పదునుగా ఉంటుందంటే, నాలుగైదు పడితే చాలు, సగటు తీసిన కోవేరియన్స్ చెడిపోతుంది. రొదను గౌసియన్ (గంట ఆకారపు వితరణ) అనుకున్న సూత్రాలన్నీ అక్కడ తడబడతాయి. మేము హద్దు దాటిన నమూనాలను ముందే కోసేసేవాళ్లం. ఎంత గొప్ప పద్ధతి వచ్చినా ముడి సంకేతాన్ని చెవితో వినకుండా లెక్కలోకి పోనివ్వకండి.

ఏయూ పాత విద్యార్థి:
ప్రాజెక్టు నివేదికలో క్రామర్-రావు హద్దును తప్పకుండా గీయండి. ఇన్ని మైకులతో, ఇన్ని నమూనాలతో, ఇంత రొదలో, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకంటే తక్కువ దోషం ఇవ్వలేదని అది చెబుతుంది. 1945లో ఆ ఫలితాన్ని ప్రచురించిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గణితంలో ఎం.ఏ. చేసింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. ఆ గీతను గీసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తీరిక ఉంటే పియా పాల్, వైద్యనాథన్ 2010లో ప్రతిపాదించిన నెస్టెడ్ వరుస (దగ్గరి, దూరపు ఎడాలను కలిపిన మైకుల అమరిక) గురించి చదవండి. ఆరు మైకులను 1, 2, 3, 4, 8, 12 స్థానాల్లో పెడితే, పరస్పర సంబంధం లేని ధ్వనులు పదకొండు వరకూ పట్టవచ్చు. నమూనాలు మాత్రం చాలా కావాలి.

మద్దిలపాలెం విద్యార్థిని:
పెదవాల్తేరు గారూ, మీరన్నట్టే రెండు కార్డులు. స్పీకర్లేమో మీటరున్నర దూరంలో. ఇవాళ ఎనిమిది ఛానెళ్ల కార్డు ఒకటి అరువు తెచ్చి, స్పీకర్లను 4 మీటర్లకు జరిపాను. శిఖరాలు స్పీకర్ల అసలు దిశలకు సుద్దతో గీసిన గీతల మీదకే వచ్చాయి.

సాగర శ్రోత మాస్టారూ, మీరు చెప్పారని ముడి రికార్డు విన్నాను. ప్రతి శబ్దం వెనుక సన్నగా ఇంకొకటి ఉంది. నీళ్ల ట్యాంకు వైపు చిన్న మూడో శిఖరం కూడా ఉంది. నేను తీసుకున్న పట్టీ 200 హెర్ట్జ్ కాబట్టి 5 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమైన ప్రతిధ్వని వేరే ధ్వనిలా కనిపిస్తుందని లెక్క వేసుకున్నాను. ఈ రాత్రి ట్యాంకుకు పాత బొంతలు చుట్టి మళ్లీ రికార్డు చేస్తున్నాను. శిఖరం తగ్గిందో లేదో పొద్దున్నే ఇక్కడే రాస్తాను.